కాదనడంలో తారతమ్యం

వార్తాపత్రికలలో ‘ఖండించు’ అనే క్రియకు దొరకనిది విశ్రాంతి ఒక్కటే. ఒక నాయకుడు ఒక దాడిని ఖండిస్తాడు. అంటే ఆ దాడి జరిగింది, అది గర్హించదగినది అని ఆయన భావం. మరొక నాయకుడు తనపై వచ్చిన ఆరోపణను ఖండిస్తాడు. అంటే అటువంటిదేమీ జరగనే లేదని ఆయన వాదం. ఒక పండితుడు వేరొక పండితుని సిద్ధాంతాన్ని ఖండిస్తాడు. అంటే హేతువులు చూపి, అది నిలవదని నిరూపిస్తాడు. నిందించడం, జరగలేదనడం, హేతువుతో తోసిపుచ్చడం అనేవి మూడు వేర్వేరు పనులు. మూడింటికీ ఒకే క్రియను పురమాయించడం వలన ‘ఆ కథనాన్ని మంత్రి ఖండించారు’ అనే శీర్షిక చదివినవారికి, కథనం అబద్ధమని మంత్రి అన్నారో, నిజమే అయినా రాయడం తగదని అన్నారో బోధపడదు. కింది వార్త మొత్తం చదివినా ఒక్కొక్కసారి బోధపడదు.

ఈ మాటకు మూలార్థం నరకడం. పురాణకథలలో శిరస్సులను ఖండిస్తారు, ధనుస్సులను ఖండిస్తారు. వాదంలో ప్రతిపక్షి మాటను యుక్తితో ఛేదించడం కూడా క్రమంగా ఖండనమే అయింది. పన్నెండవ శతాబ్దంలో శ్రీహర్షుడు రచించిన వేదాంతగ్రంథానికి ‘ఖండనఖండఖాద్యం’ అని పేరు. ఆ ఖండనం అలవోకగా జరిగేది కాదు. ఎదుటివారి లక్షణాలను ఒక్కొక్కటిగా తీసుకొని, అవి ఎక్కడ విరిగిపోతాయో చూపే శ్రమ అందులో ఉంది. నేటి ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ అన్న ప్రకటనలలో తీవ్రతకు కొరత లేదు. కొరత హేతువుకే.

దీనికి తోడుగా నిలిచిన మరొక క్రియ ‘వ్యతిరేకించు’. వ్యాకరణం చదివిన విద్యార్థికి ‘చేస్తాడు’ అన్నదానికి ‘చేయడు’ వ్యతిరేకార్థకమని తెలుసు. ఒకటి ఉన్నచోట రెండవది ఉండదు. నడుమ స్థితి లేదు. వాక్యాలకు ఇది చక్కగా సరిపోతుంది కాని మనుషులకు సరిపోదు. పది అంశాలున్న ఒక ప్రణాళికలో ఒక్క అంశం నచ్చలేదని చెప్పిన వ్యక్తిని గురించి ‘ప్రణాళికను వ్యతిరేకించాడు’ అని రాస్తే, అతడు మెచ్చుకున్న తొమ్మిది అంశాలు తుడిచిపెట్టుకుపోతాయి. మరునాటి నుంచి అతడు ప్రత్యర్థుల లెక్కలోకి వెళ్ళిపోతాడు. ఈ రెండు క్రియలే అన్నిచోట్లా వాడబడడం వలన కలిగిన నష్టం భాషకు మాత్రమే పరిమితమైనది కాదు. మౌనానికీ కలహానికీ మధ్యనున్న మెట్లకు పేర్లు మరచిపోతే, ఆ మెట్ల మీద నిలబడడం కూడా మనుషులు మరచిపోతారు. అప్పుడు భిన్నమైన అభిప్రాయం ఉన్నవాడు ఊరుకోవాలి, కాదంటే తగవుకు దిగాలి.

తెలుగులో ఆ మెట్లకు పేర్లు లేకపోలేదు. అసలు ఈ భాష నిరాకరణను నిర్మించిన తీరే విశేషమైనది. ఇంగ్లీషువారు ‘నో’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట తెలుగువారికి ‘కాదు’, ‘లేదు’, ‘వద్దు’ అని మూడున్నాయి. ‘ఇది పుస్తకం కాదు’ అన్నప్పుడు వస్తువు స్వభావాన్ని గురించి, ‘పుస్తకం లేదు’ అన్నప్పుడు దాని ఉనికిని గురించి, ‘పుస్తకం వద్దు’ అన్నప్పుడు కోరికను గురించి మాట్లాడుతున్నట్లు మూడేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఈ మూడింటికీ ‘అను’ చేరి మూడు క్రియలు ఏర్పడ్డాయి. అభిప్రాయాన్ని కాదంటారు. చేయి చాచినవానిని లేదంటారు. ప్రతిపాదనను వద్దంటారు. ‘కాదనలేని సత్యం’ అనే చోట ‘వద్దనలేని సత్యం’ అంటే నవ్వు వస్తుంది. ‘లేదనకుండా ఇచ్చే దాత’ అనే చోట ‘కాదనకుండా’ అంటే అర్థం కొంత పక్కకు జరుగుతుంది. ఇక ‘చేయను’, ‘రాను’, ‘ఒల్లను’ వంటి రూపాలలో నిరాకరణ క్రియలోనే ఇమిడిపోయి ఉంటుంది. దానికోసం వేరే పదం అక్కరలేదు. ‘ఒల్లను’ అనే మాట నేడు పల్లెల్లోని వృద్ధుల నోటను, పాత కావ్యాలలోను తప్ప అంతగా వినిపించకపోవడం విచారకరం. మనసు రాకపోవడాన్ని అంత క్లుప్తంగా చెప్పే మాట మరొకటి లేదు.

‘ఒప్పు’ అనే ధాతువు కథ ఇంకా ఆసక్తికరమైనది. ప్రాచీన కావ్యభాషలో ఒప్పడం అంటే తగి ఉండడం, శోభించడం. ‘తప్పొప్పులు’ అన్నప్పుడు ఒప్పు సరియైనది. ‘ఒప్పందం’ అన్నప్పుడు అది ఇరువురి సమ్మతి. ‘ఒప్పుకోలు’ అన్నప్పుడు చేసినదానిని చేశానని చెప్పడం. అందువలన ‘ఒప్పుకోను’ అనే చిన్న వాక్యానికి చోటును బట్టి అర్థం మారుతుంది. పెళ్ళి సంబంధం కుదిర్చేవారి ఎదుట అది ఇష్టం లేదన్న మాట. న్యాయస్థానంలో నేరం చేయలేదన్న మాట. చర్చలో అవతలివారి మాట సరికాదన్న మాట. ఒకరికి ఒక విషయం అందంగా, సరిగా, తనకు తగినదిగా కనిపించినప్పుడే దానిని ఒప్పుకుంటారని ఆ ధాతువు చెబుతున్నట్లుంది. బలవంతాన ఒప్పించడం అనే మాటలో ఒప్పు ఏపాటి మిగిలి ఉంటుందో ఆలోచించవలసినదే.

పరీక్షల కోసం తయారయ్యే కొన్ని పుస్తకాలు నిరాకరించు, తిరస్కరించు, ధిక్కరించు, ఎదిరించు, ఆక్షేపించు, విభేదించు అనేవాటిని ఒకే వరుసలో పర్యాయపదాలుగా ముద్రిస్తాయి. మార్కులకు అది చాలుతుందేమో కాని వాక్యానికి చాలదు. అడిగినది ఇవ్వకపోవడం నిరాకరణ. ఇచ్చినది పుచ్చుకోకపోవడం తిరస్కారం. అందులో కొంత చిన్నచూపు కూడా ఉండవచ్చు. ధిక్కరించడానికి ఎదుట ఒక అధికారం ఉండాలి. కనుకనే ‘కోర్టు ధిక్కారం’ అంటారు కాని ‘కోర్టు తిరస్కారం’ అనరు. ఎదిరించడానికి ఎదుట ఒక బలం ఉండాలి. ఆక్షేపించడానికి ఒక లోపం కనిపించాలి. వీటన్నిటిలోను ‘విభేదించు’ అనేదానికి కావలసినది ఒక్కటే, తనదైన వేరొక అభిప్రాయం.

ఈ క్రియ వాడుకలో ఒక చిన్న మెలకువ ఉంది. ఆజ్ఞను ధిక్కరిస్తారు, వాదాన్ని ఖండిస్తారు, పథకాన్ని వ్యతిరేకిస్తారు. ఈ క్రియలన్నీ ద్వితీయా విభక్తిని కోరుకుంటాయి. ఎదుట ఉన్నదానిపై పడతాయి. విభేదించు మాత్రం ‘తో’ అనే ప్రత్యయాన్ని కోరుకుంటుంది. ‘ఆయన అభిప్రాయాన్ని విభేదిస్తున్నాను’ అని ఇటీవల అక్కడక్కడ వినిపిస్తున్నది తప్పు ప్రయోగం; ‘ఆయన అభిప్రాయంతో విభేదిస్తున్నాను’ అనాలి. కలసి నడవడానికి, కలసి భోజనం చేయడానికి వాడే ‘తో’యే ఇక్కడా వస్తుంది. ఒక ఉద్యోగి పై అధికారి ఉత్తర్వుతో విభేదిస్తూ ఫైలులో తన అభిప్రాయం రాసి, ఆ తరువాత అదే ఉత్తర్వును అమలు చేయవచ్చు. అతడు విభేదించాడే కాని ధిక్కరించలేదు. ఈ రెంటికీ తేడా తెలియని కార్యాలయంలో ఫైలుపై అభిప్రాయం రాసే ధైర్యం ఎవరికీ ఉండదు.

పురాణకథలు ఈ తేడాను ఎరుగుదుమన్నట్లే నడుస్తాయి. వామనునికి దానమివ్వవద్దని శుక్రాచార్యుడు హెచ్చరించినప్పుడు బలిచక్రవర్తి గురువు మాటను కాదన్నాడు కాని గురువును అవమానించలేదు. ఆడిన మాట తప్పలేనని వినయంగానే చెప్పుకున్నాడు. శుక్రుడు మాత్రం దానిని ధిక్కారంగానే తీసుకొని శపించాడు. కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ సూటిగా సమాధానం చెప్పలేకపోయినప్పుడు, ఆమె ధర్మంగా జయింపబడలేదని లేచి చెప్పినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. అతనికి కర్ణుని నుంచి వచ్చిన జవాబులో ముఖ్యమైన భాగం, నీవు చిన్నవాడివి అన్నదే. వాదానికి జవాబు లేనప్పుడు వయస్సు గుర్తుకు రావడం ఆనాటి నుంచీ ఉన్నదే.

జనవ్యవహారంలోని మాటలకు ఇంకా పదునెక్కువ. ఉర్దూ నుంచి వచ్చిన ‘తకరారు’ పొలం గట్ల దగ్గర స్థిరపడింది. హద్దు తేలని భూమి తకరారు భూమి. చిన్నదానికల్లా అడ్డం తిరిగేవాడు పేచీకోరు. పని కాకుండా కాగితాల మీద ఏదో ఒక లోపం చూపడం కొర్రీ వేయడం. ఒప్పుకున్నట్లే ఉండి ఒక షరతు తగిలించడం మెలిక పెట్టడం. ఎంత చెప్పినా వినకపోవడం ‘ససేమిరా’ అనడం. ఈ చివరి మాట విక్రమార్కుని కథలతో ముడిపడినది. తనను కాపాడిన ఎలుగుబంటికి ద్రోహం చేసిన రాకుమారునికి మతి చలించి, స, సే, మి, రా అనే నాలుగు అక్షరాలనే పదేపదే పలుకుతూ ఉంటాడు. ఆ నాలుగూ నాలుగు శ్లోకాల తొలి అక్షరాలని తెలిసినవారు వచ్చి విప్పి చెప్పేదాకా అతనికి స్వస్థత చిక్కదు. ఎవరేమి అడిగినా ఒకటే మాట చెప్పే మనిషిని చూసి తెలుగువారు ఆ రాకుమారుని తలచుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు కూడా ఈ కోవలోనివాడే. జాగ్రత్తగా చూస్తే ఈ మాటలన్నిటిలోను ఒక వెటకారం ఉంది. అకారణంగా కాదనేవారిని జనం బాగానే గుర్తుపట్టి పేర్లు పెట్టారు. సకారణంగా కాదనేవారికి జనభాషలో అంత చక్కని పేరు దొరకదు. ఇది తెలుగులోని ఒక లోటు.

ఆ లోటు స్పష్టంగా కనిపించేది ఇళ్ళలో. పెద్దలు భిన్నాభిప్రాయం చెబితే అది సలహా. అదే మాట పిల్లలు చెబితే ‘ఎదురు చెప్పడం’. కోడలు చెబితే ‘నోరు చేసుకోవడం’. పదవ తరగతి ముగించిన విద్యార్థికి ఏ గ్రూపు ఇప్పించాలన్నది వేసవి సెలవులలోనే నిర్ణయమైపోతుంది. లెక్కలు వచ్చినవాడికి ఎంపీసీ, బొమ్మలు బాగా వేసినవాడికి బైపీసీ. చరిత్ర చదువుకుంటాననో, తెలుగు సాహిత్యం చదువుకుంటాననో ఒకడు అన్నాడంటే, ఆ మాటలోని గుణదోషాలు చర్చకు రావు. ఎదురు చెప్పాడన్నదే చర్చకు వస్తుంది. విషయం నడవడికగా మారిపోతుంది. తల్లిదండ్రుల భయాలు నిరాధారమైనవని ఎవరూ అనరు. అప్పులు చేసి చదివించేవారికి పిల్లల జీవనోపాధి గురించి దిగులు ఉండడం సహజం. కాని ఆ దిగులును పిల్లలతో చర్చించడానికి ఒక మాట కావాలి. ‘నాన్నా, మీరు చెప్పినది నిజమే గాని...’ అని మొదలయ్యే వాక్యాన్ని చివరిదాకా విన్న ఇంట్లో ఎదురు చెప్పవలసిన అవసరమే చాలాసార్లు రాదు. ‘అది కాదండీ’, ‘మీరన్నదీ బాగానే ఉంది కాని’, ‘ఇంకోలా చూస్తే’ వంటి వాడుకలను పిరికితనపు మాటలని కొందరు తీసివేస్తారు. నిజానికి ఎదుటివారి గౌరవానికి లోటు రాకుండా తన మాటను నిలబెట్టుకోవడానికి తరతరాలవారు అరగదీసి నునుపు చేసిన మాటలు ఇవి. ‘సరేలెండి, మీ ఇష్టం’ అన్నది మాత్రం వీటి సరసన చేరదు. అది కాదనడమే, కాకపోతే చర్చను వదులుకొని కాదనడం.

‘మౌనం అర్ధాంగీకారం’ అనే లోకోక్తి చేసిన హాని ఇంతా అంతా కాదు. పెళ్ళిచూపులలో తల వంచుకొని కూర్చున్న అమ్మాయి ఏమీ మాట్లాడలేదు కనుక ఒప్పుకున్నట్లేనని తీర్మానించడానికి ఎన్ని ఇళ్ళలో ఈ మాట ఆసరా అయిందో! సమానుల మధ్య మౌనానికి ఆ అర్థం చెల్లవచ్చు. మాట్లాడితే దెబ్బలు తప్పవని తెలిసిన చోట మౌనం భయానికి గుర్తే తప్ప అంగీకారానికి కాదు. ‘కన్యాశుల్కం’ నాటకంలో ముసలి లుబ్ధావధాన్లకు ఇచ్చి పెళ్ళి చేయదలచిన సుబ్బి ఇష్టాన్ని ఎవరూ అడగరు. తల్లి వెంకమ్మ కాదంటే అగ్నిహోత్రావధాన్లు చెవిన పెట్టడు. మేనమామ కరటకశాస్త్రి బావగారితో వాదించి గెలవలేనని గ్రహించి, శిష్యునికి ఆడవేషం వేసి పన్నాగం పన్నుతాడు. ఆ నాటకం చూసి నవ్వుకునేవారు గమనించవలసినది, సూటిగా కాదనడానికి చోటులేని ఇంట్లో మోసమొక్కటే దారి అయిందన్న సంగతి.

చట్టం ఆ లోకోక్తిని అంతగా నమ్మదు. ప్రైవేటు సంస్థల కోసం ప్రభుత్వం భూమి సేకరించాలంటే ప్రభావిత కుటుంబాలలో కనీసం 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా సమ్మతించాలని 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం నిర్దేశించింది. ఊరకున్నవారిని ఒప్పుకున్నవారి లెక్కలో వేయకూడదన్నది దాని సారాంశం. కొన్ని రాష్ట్రాలు ఆ తరువాత చేసుకున్న సవరణల మంచిచెడ్డలు వేరే చర్చ.

కాదనడానికి ఒక క్రమం ఉండాలని భారతీయ తార్కికులు ఎప్పుడో గుర్తించారు. న్యాయశాస్త్రం చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి జరిపేది వాదం. గెలుపు కోసం జరిపేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివారి పక్షాన్ని పడగొట్టడానికే జరిపేది వితండ. ‘వితండవాదం’ అని నేడు మొండిగా మాట్లాడేవారినందరినీ అంటున్నారు కాని శాస్త్రకారుని లెక్క అంతకంటె కచ్చితమైనది. కాదంటున్న వ్యక్తిని ‘అయితే ఏమంటావు?’ అని అడిగినప్పుడు అతనివద్ద జవాబు లేకపోతే అది వితండ. తన సిద్ధాంతం చెప్పేముందు ప్రతిపక్షి వాదాన్ని పూర్వపక్షంగా వివరించడం మరొక నియమం. మేటి గ్రంథకర్తలు పూర్వపక్షాన్ని దాని సమర్థకులకంటె బలంగా చెప్పి, ఆ తరువాతనే తమ సమాధానానికి దిగేవారు. టెలివిజను చర్చలు ఈ నియమాన్ని పాటించడం మొదలుపెడితే, అరగంట కార్యక్రమంలో సగం కాలం ఎదుటివారు ఏమన్నారో సరిగా చెప్పడానికే పడుతుంది. ప్రేక్షకులకు అది నష్టమేమీ కాదు.

ఇప్పుడు పత్రికలలో ఎక్కువగా కనిపించే మరొక మాట ‘అసమ్మతి’. ఎన్నికలలో టికెట్టు దొరకనివారు అసమ్మతి నేతలు. వారిని శాంతింపజేసే ప్రయత్నం బుజ్జగింపు. ఏడ్చే పిల్లలకు వాడే మాటను పెద్దలకు వాడడంలో పత్రికలవారి చమత్కారం మెచ్చుకోదగినదే కాని అసమ్మతి అనే మాట ఈ స్థాయికి దిగడం న్యాయం కాదు. సంస్కృతంలో మతమంటే మొదట అభిప్రాయమే. అభిమతం, సమ్మతి అనే మాటలలో ఆ అర్థమే నిలిచి ఉంది. అసమ్మతి అంటే అలక కాదు. కారణాలతో కూడిన వేరొక అభిప్రాయం.

తెలుగువారి చరిత్రలో ఆ పేరుకు తగిన పత్రమొకటి ఉంది. విద్యార్థులు పరీక్షలలో వ్యాసాలను గ్రాంథికభాషలోనే రాయాలా, శిష్టవ్యావహారికంలో రాయవచ్చా అనే వివాదం ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో చెలరేగింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వ్యావహారికం వైపు, జయంతి రామయ్య పంతులు మొదలైనవారు గ్రాంథికం వైపు నిలిచారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనపై నియమించిన ఉపసంఘంలో గురజాడ మొగ్గు చూపిన పక్షానికి బలం చాలలేదు. ఆయన సభ నుంచి లేచి వెళ్ళిపోలేదు; పత్రికలలో నిందలకు దిగి ఊరుకోలేదు. ఉపసంఘం నివేదికకు తన అసమ్మతి పత్రాన్ని 1914లో సమర్పించారు. అది చిన్న లేఖ కాదు, గ్రంథమంతటి రచన. గ్రాంథికమని పిలిచే భాషలో కాలానుగుణంగా వచ్చిన మార్పులను, వ్యాకరణాలు చెప్పినదానికీ కవులు రాసినదానికీ ఉన్న తేడాలను ఉదాహరణలతో చూపారు. తెలుగు వాడుకభాష కోసం వాదించిన ఆ పత్రం ఇంగ్లీషులో ఉండడం విచిత్రంగా తోచవచ్చు. విశ్వవిద్యాలయం వ్యవహారాలు నడిచే భాష అదే కనుక అందులో రాయక తప్పలేదు. ఆనాడు ఆయన పక్షం నెగ్గలేదు. 1915 నవంబరులో ఆయన మరణించే నాటికి కూడా నెగ్గలేదు. నేటి విద్యార్థులు జవాబుపత్రాలలో రాస్తున్నది మాత్రం ఆయన కోరిన భాషే.

న్యాయస్థానాలలోనూ ఇటువంటి పత్రాలుంటాయి. పోలీసులు అనుమానితుల ఇళ్ళపై నిఘా ఉంచడానికి, రాత్రివేళ తలుపు తట్టడానికి వీలు కల్పించిన ఉత్తరప్రదేశ్ నిబంధనలపై ఖరక్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1962 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి సోదాలను కొట్టివేసి, మిగిలిన నిఘాను ఉండనిచ్చారు. ఏకాంత జీవనానికి రాజ్యాంగం హామీ ఇవ్వలేదన్నారు. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు వారితో విభేదించారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. వ్యక్తిస్వేచ్ఛలో ఏకాంతం అంతర్భాగమేనని, ఆ నిబంధన మొత్తం చెల్లదని సుబ్బారావు రాశారు. సహ న్యాయమూర్తులను ఒక్క మాట అనలేదు. వారి వాదాన్ని ముందు వివరించి, తాను ఎందుకు ఒప్పుకోలేకపోతున్నారో ఆ తరువాత చెప్పారు. ఆనాటికి అమలైనది నలుగురి తీర్పే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటిస్తూ, ఆ విషయంలో నలుగురి అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అప్పటికి సుబ్బారావు జీవించి లేరు. ఆయన అసమ్మతి యాభై నాలుగేళ్ళుగా తీర్పుల సంపుటంలో, చదవదలచినవారికి అందుబాటులో ఉంది.